ఆస్టన్‌లో తెగిన వేళ్లు, బెంచి మీద పుట్టిన నాదం

బ్లాక్ సాబత్ అనే బ్యాండు గురించి రాసేవాళ్లంతా తిరిగి తిరిగి ఒకే మాట దగ్గరికి వస్తారు. ఫ్యాక్టరీలో దాని గిటారిస్టు టోనీ ఐయోమీ వేళ్లు తెగకపోయి ఉంటే హెవీ మెటల్ సంగీతమే పుట్టేది కాదట. నా ఉద్యోగ జీవితమంతా బాలానగర్ ప్రెస్ షాపుల్లో, టూల్ రూముల్లో గడిచింది. వేలి కొసలు లేని ఆపరేటర్ల పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పినవాణ్ణి. వాళ్లలో ఒక్కడికీ ఆ ప్రెస్సు సంగీతం ఇచ్చిన పాపాన పోలేదు. అందుకే ఈ కథని నేను ప్రెస్సు దగ్గర ఆపను. దాని పక్కనుండే బెంచి దాకా, ఆ బెంచికి బిగించిన వైస్ దాకా తీసుకెళ్తాను.

మా అబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో ఈ బ్యాండు క్యాసెట్లు మా ఇంటి గోడల్ని అదరగొట్టాయి. ఇప్పుడు వాడి ఉద్యోగం బర్మింగ్‌హామ్‌లో. నేనూ ఏడాదిలో కొన్ని నెలలు ఇక్కడే ఉంటాను. హ్యాండ్స్‌వర్త్‌లో సోహో రోడ్డు మీద బెండకాయలు, కొత్తిమీర కొనుక్కుని తూర్పుగా నడక సాగిస్తే ఆస్టన్ వస్తుంది. బ్యాండులోని నలుగురూ ఆ వీధుల పిల్లలే. అందరూ 1948, 1949 సంవత్సరాల్లో పుట్టారు. జర్మన్ బాంబులు కూల్చిన ఇళ్ల ఖాళీ జాగాలే వాళ్లకు ఆటస్థలాలు.

అప్పటి బర్మింగ్‌హామ్‌ని వెయ్యి వృత్తుల ఊరనేవారు. తాళాలు, స్క్రూలు, తుపాకులు, పెన్ను పాళీలు, కార్ల విడిభాగాలు, ఇలా లోహంతో అయ్యే ప్రతి వస్తువూ ఇక్కడ తయారైంది. ఆస్టన్‌లో ఒక పక్క హెచ్‌పీ సాస్ ఫ్యాక్టరీ వెనిగర్ వాసన, మరో పక్క ఆన్సెల్స్ బీరు బట్టీ వాసన. పక్కనే విట్టన్‌లో జీఈసీ ఫ్యాక్టరీ. గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ తండ్రి అందులో టూల్‌మేకర్, నైట్ షిఫ్టు. తల్లి లూకాస్ కంపెనీలో పనిచేసేది. పదిహేనేళ్లకే బడి మానేసిన ఆజీ కూడా కొన్నాళ్లు లూకాస్‌లో కారు హారన్లకు శ్రుతి సరిచేశాడు. కొన్నాళ్లు కబేళాలో చేశాడు. బట్టల కొట్టులో దొంగతనం చేసి, జరిమానా కట్టలేక విన్సన్ గ్రీన్ జైల్లో ఆరు వారాలున్నాడు. బేస్ గిటార్ వాయించిన గీజర్ బట్లర్ ఐరిష్ కుటుంబంవాడు, ఒక ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు. డ్రమ్స్ బిల్ వార్డ్‌వి.

ఐయోమీది ఇటలీ మూలాలున్న కుటుంబం. పార్క్ లేన్‌లో వాళ్లకో చిన్న దుకాణం. అతను షీట్ మెటల్ ఫ్యాక్టరీలో వెల్డర్. 1965లో, పదిహేడేళ్ల వయసులో, ఒక బ్యాండుతో జర్మనీ వెళ్లే అవకాశం వచ్చి ఉద్యోగం మానేశాడు. ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక తిరిగి వెళ్లనన్నాడు. పట్టిన పని పూర్తిచేసి రావాలని తల్లి పంపించింది. ఆ రోజు అతనికి షీట్లు వంచి అందించే మనిషి రాలేదు. ఆ ప్రెస్సు మీద ఐయోమీని నిలబెట్టారు. కాలితో పెడల్ తొక్కితే దిగే యంత్రం అది. అలవాటు లేని చేయి, కదిలిపోయే పెడల్, గార్డు లేని ప్రెస్సు. ఈ మూడూ కలిసిన చోట ఏం జరుగుతుందో మా వృత్తిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు పోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి. అంటే గిటార్ తీగల్ని అదిమేది ఆ కుడిచేతి వేళ్లే.

గిటార్ ఇక మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. అప్పుడు ఫ్యాక్టరీ మేనేజర్ ఒక రికార్డు పట్టుకుని ఇంటికొచ్చి వినమన్నాడు. వినే మనసు లేకపోయినా ఐయోమీ విన్నాడు. ఆ వాయిస్తున్నది జాంగో రైన్‌హార్ట్ అనీ, 1928లో అతనుండే బండి కాలిపోయి ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయనీ, మిగిలిన రెండు వేళ్లతోనే ఆ స్వరాలన్నీ పలికిస్తున్నాడనీ మేనేజర్ అప్పుడు చెప్పాడు. షాప్ ఫ్లోర్ మీద తన మనిషికి దెబ్బ తగిలితే సూపర్‌వైజరు ఇంటికెళ్లి పలకరించడం మాకూ ఉంది. పళ్లు పట్టుకెళ్తాం. ఈయన తీసుకెళ్లిన వస్తువు మాత్రం నాకు అసూయ పుట్టించింది.

ఇక్కణ్ణుంచి కథ మా టూల్ రూములోకి వస్తుంది. ఐయోమీ గిన్నెలు తోమే ఫెయిరీ లిక్విడ్ ప్లాస్టిక్ సీసా తీసుకుని కరిగించి ఉండ చేశాడు. వేడి సోల్డరింగ్ ఐరన్‌తో దానికి బొక్క చేసి, వేలు పట్టేదాకా లోపల తొలిచాడు. దర్జీ అంగుస్తానాలా వేలికి అతికేదాకా ఎమరీ కాగితంతో గంటల తరబడి రుద్దాడు. ప్లాస్టిక్ తీగ మీద జారిపోతోంది. పాత తోలు జాకెట్ ముక్క కోసి కొసకు అంటించాడు. తోలు మరీ మందంగా ఉంటే తీగ ఎక్కడుందో తెలియదు, మరీ పల్చనైతే చిరుగుతుంది. తీగను పట్టేలా ఆ తోలునీ రుద్ది గట్టిపరిచాడు. పెట్టి చూడటం, నొప్పి ఎక్కడో గుర్తుపెట్టుకోవడం, తీసి అక్కడ రుద్దడం, మళ్లీ పెట్టడం. డై ఫిట్టింగ్‌లో నీలం రాసి, ఎత్తు ఎక్కడ తగులుతోందో చూసి, ఆకురాయితో ఆ చోటు మాత్రమే తీసే పని మేం చేసేదీ ఇలాగే. తొడుగులు చాలవని అప్పుడు తీగల మీద పడ్డాడు. ఆ రోజుల్లో ఇక్కడ దొరికే గిటార్ తీగలు లావు. అతను సన్నటి బాంజో తీగలు తెచ్చి గిటార్‌కి కట్టాడు.

ఇదంతా నాదాన్ని మార్చింది. తొడుగుకు స్పర్శ ఉండదు, కాబట్టి నాలుగైదు స్వరాల పెద్ద కార్డులు అతనికి కష్టం. రెండు స్వరాల కార్డులు సులువు. నా భార్య వీణ నేర్చుకున్న మనిషి. ఆమె విని, ఇందులో ఉన్నది షడ్జమం, పంచమం, అంతే కదా అంది. నిజమే. మధ్యలో గాంధారం లేదు. ఆంప్లిఫయర్‌ని చిరిగేంత గట్టిగా పెట్టినప్పుడు గాంధారం ఉంటే నాదం గజిబిజి అవుతుంది. స, ప మాత్రమే అయితే గోడలా నిలబడుతుంది. ఆ ఆంప్లిఫయర్లు కూడా లేనీ అనే బర్మింగ్‌హామ్ కంపెనీవే. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్ నాటికి మరో అడుగు వేశాడు. కొన్ని పాటల్లో గిటార్ శ్రుతిని మూడు మెట్లు దించాడు. తీగ వదులైతే వేలికి నొప్పి తగ్గుతుంది, నాదం బరువెక్కుతుంది. ఈ రోజు ప్రపంచంలో సగం మెటల్ బ్యాండ్లు శ్రుతి దించే వాయిస్తాయి. వాళ్లలో చాలామందికి పదివేళ్లూ బాగానే ఉన్నాయి.

బ్యాండు కూడింది 1968లో. మా బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ తలుపులు తెరిచిన సంవత్సరమూ అదే. గాయకుడు కావాలని ఐయోమీ, వార్డ్ ఒక దుకాణంలో అంటించిన ప్రకటన చూసి ఆ ఇంటికెళ్లారు. తలుపు తీసినవాణ్ణి చూసి ఐయోమీ మొహం మాడ్చుకున్నాడు. బడిలో తనకంటే ఒక ఏడాది కింద చదివిన ఆజీ! అప్పట్లో అతన్ని ఏడిపించిందీ తనే. చివరికి ఆజీ, గీజర్, వార్డ్, ఐయోమీ కలిశారు. ముందు పోల్కా టల్క్ బ్లూస్ బ్యాండ్, తర్వాత ఎర్త్. ఆ డిసెంబరులో ఐయోమీ కొద్ది వారాలు జెత్రో టల్ బ్యాండుకి వెళ్లి తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు తెచ్చిన పాఠం ఒకటే. ఆ బ్యాండు వాళ్లు పొద్దున తొమ్మిదింటికల్లా పనిలో ఉంటారు. ఇక మనమూ అంతే అన్నాడు. షిఫ్టు టైముకు గేటు దాటే ఊళ్లో పెరిగినవాళ్లకు అదేమీ కొత్త సంగతి కాదు.

ఎర్త్ అనే పేరుతో మరో బ్యాండు ఉండటంతో 1969లో పేరు మార్చారు. బోరిస్ కార్లాఫ్ నటించిన దయ్యాల సినిమా పేరే బ్లాక్ సాబత్. డబ్బిచ్చి మరీ జనం భయపడటానికి వెళ్తున్నప్పుడు, భయపెట్టే సంగీతం ఎందుకు చేయకూడదనుకున్నారు. ఆ పేరుతోనే ఉన్న పాట మొదట్లో మూడే స్వరాలు: కింది షడ్జమం, పై షడ్జమం, అక్కణ్ణుంచి దిగి ప్రతిమధ్యమం. కళ్యాణిలో అంత హాయిగా వినిపించే ప్రతిమధ్యమం పంచమం తోడు లేకుండా ఒంటరిగా, నెమ్మదిగా, లావుగా పలికితే వెన్ను జలదరిస్తుంది.

1969 అక్టోబరులో లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒక్క రోజులో మొదటి ఆల్బమ్ వాయించేశారు. అది 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు విడుదలై బ్రిటన్‌లో ఎనిమిదో స్థానానికి ఎక్కింది. అదే ఏడాది రెండో ఆల్బమ్. దానికి 'వార్ పిగ్స్' అని పేరు పెట్టాలనుకున్నారు. చివర్లో కొన్ని నిమిషాలు తక్కువయ్యాయని, మిగతావాళ్లు భోజనానికి వెళ్లిన సమయంలో ఐయోమీ ఒక చిన్న పాటకు వరస కట్టాడు. ఆ 'పారనాయిడ్' సింగిల్ నాలుగో స్థానానికి, దాని పేరే పెట్టుకున్న ఆల్బమ్ మొదటి స్థానానికి చేరాయి. షీటులో మిగిలిన తునకతో చేసిన వాషరే అసలు సరుకు కంటే ఎక్కువ అమ్ముడుపోయింది.

తర్వాతి పదేళ్లది చాలా బ్యాండ్ల కథే. లాస్ ఏంజిలిస్, కొకైన్, మేనేజరుతో కోర్టు వ్యాజ్యాలు, అలసట. 1979లో ఆజీని తీసేశారు. రానీ జేమ్స్ డియో వచ్చి 1980లో 'హెవెన్ అండ్ హెల్'తో బండిని మళ్లీ పట్టాలెక్కించాడు. ఆ తర్వాత గాయకులు వచ్చారు, పోయారు. అన్ని ఆల్బమ్‌లలోనూ ఉన్నది ఐయోమీ ఒక్కడే. పాత లేత్‌కి విడిభాగాలు మార్చుకుంటూ నడిపించే మేస్త్రీని నేనిక్కడ గుర్తుపట్టాను.

ఆ రోజుల్లోదే నాకిష్టమైన ముచ్చట ఒకటుంది. 1983లో ఇయాన్ గిల్లన్ గాయకుడిగా ఉన్నప్పుడు వేదిక మీదకి స్టోన్‌హెంజ్ రాళ్ల నమూనా కట్టించారు. కొలతలు ఇచ్చింది అడుగుల్లో, కట్టినవాళ్లు చదివింది మీటర్లలో అని బ్యాండు వాళ్లే చెప్పుకుంటారు. ఒకటికి మూడు రెట్లు దాటిన ఆ రాళ్లు చాలా వేదికల మీద పట్టనేలేదు. డ్రాయింగు మీద యూనిట్ రాయని వాడికి మా టూల్ రూములో ఏం జరిగేదో తలుచుకుని నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. బర్మింగ్‌హామ్ టూల్‌మేకర్ల మధ్య పెరిగినవాళ్లు చేయాల్సిన తప్పు కాదది.

ఈ నాదం ఒక్క మనిషి వేళ్లతో ఆగలేదనడానికి చుట్టుపక్కలే సాక్ష్యం ఉంది. పక్క ఊరు వాల్సాల్ కుర్రాడు రాబ్ హాల్‌ఫర్డ్, బడి పక్కన లోహపు ఫ్యాక్టరీల మోత, పొగ మధ్య చదువుకున్నానని చెప్పాడు. అతని బ్యాండు జూడాస్ ప్రీస్ట్ 1980 ఆల్బమ్ పేరు 'బ్రిటిష్ స్టీల్'. అందులో గిటార్ వాయించిన గ్లెన్ టిప్టన్ నిజంగానే బ్రిటిష్ స్టీల్ కంపెనీలో పనిచేసినవాడు.

ఆ ఫ్యాక్టరీల్లో చాలా వరకు ఇప్పుడు లేవు. బ్యాండు మాత్రం తిరిగొచ్చింది. 1997 డిసెంబరులో నలుగురూ బర్మింగ్‌హామ్‌లో కలిసి వాయించారు. 2012లో ఐయోమీకి లింఫోమా అని తేలింది. చికిత్స తీసుకుంటూనే '13' ఆల్బమ్ చేశాడు. ఒప్పందం కుదరక అందులో బిల్ వార్డ్ లేడు. 2013లో వచ్చిన ఆ ఆల్బమ్, 'పారనాయిడ్' తర్వాత 43 ఏళ్లకు బ్రిటన్‌లో మళ్లీ మొదటి స్థానం తెచ్చింది. 2019లో బ్రాడ్ స్ట్రీట్ దగ్గర కాలువ వంతెనకి బ్యాండు పేరు పెట్టి, నలుగురి బొమ్మలతో బెంచీ వేశారు. 2023లో బర్మింగ్‌హామ్ రాయల్ బ్యాలే వాళ్ల పాటల మీద నృత్యనాటకం చేసింది. 2025 జులై 5న ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ స్టేడియంలో నలుగురూ కలిసి చివరిసారి వాయించారు. పార్కిన్సన్స్‌తో నిలబడలేని ఆజీ సింహాసనంలో కూర్చుని పాడాడు. అదే నెల 22న కన్నుమూశాడు. అంతిమయాత్ర ఆ వంతెన దగ్గర ఆగినప్పుడు ఊరు ఊరంతా కదిలింది.

ఆ రోజుల్లో పేపర్లన్నీ వేళ్ల కథని మళ్లీ రాశాయి. ప్రెస్సు దగ్గర మొదలై ప్రెస్సు దగ్గరే ఆగే కథ. అలా ఆపితే రెండు అన్యాయాలు జరుగుతాయి. ఈ ఊళ్లోనూ, మా ఊళ్లోనూ వేళ్లు పోగొట్టుకుని ఏ రికార్డూ అందని వాళ్లది ఒకటి. గంటల తరబడి ఎమరీ కాగితం రుద్దిన ఆ కుర్రాడి ఓపికది రెండోది. ఆ పాత జాకెట్ తోలు ముక్కే ఇన్నేళ్లూ వాడుతున్నానని ఐయోమీ ఇంటర్వ్యూలలో చెప్పాడు. తన పనిముట్టుని తను చేసుకున్నవాడికే దాని విలువ తెలుస్తుంది.

అప్రెంటిస్ కుర్రాళ్లకి పాఠం చెప్పే అవకాశం మళ్లీ వస్తే ఒక ప్రాక్టికల్ పెడతాను. ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా, సోల్డరింగ్ ఐరన్, ఎమరీ కాగితం, తోలు ముక్క ఇస్తాను. వేలికి తొడుగు చేయాలి, దాంతో తీగ మీద స, ప పలకాలి. మైక్రోమీటరు అక్కర్లేదు, మార్కులు వేయడానికి మా ఆవిడని కూర్చోబెడతాను. కాకపోతే దానికి ముందు ప్రతి ఒక్కడూ షాపులోకి వెళ్లి, ప్రెస్సుకి గార్డు బిగించి ఉందో లేదో చూసి రావాలి. గార్డు లేకపోతే ఆ పూట ప్రాక్టికల్ ఉండదు, ముందు గార్డు తయారుచేస్తాం.