మళ్లీ వస్తుందా డాక్టరుగారూ?
ప్రోస్టేట్ కేన్సర్‌కు ఆపరేషన్ అయిన ప్రతి రోగీ అడిగే ప్రశ్న ఇది. వేలి కొసన మొదలై తెరమీది బొమ్మదాకా వచ్చిన ఆ జవాబు కథకు నూట ఇరవై ఏళ్లు.

1904 ఏప్రిల్ 7. అమెరికాలోని బాల్టిమోర్ నగరం, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. కత్తి పట్టినవాడు ముప్పై మూడేళ్ల హ్యూ హాంప్టన్ యంగ్. పక్కన సాయానికి నిలబడింది మహా సర్జన్ విలియం హాల్‌స్టెడ్. 1897లో మూత్రవ్యాధుల విభాగం చూసుకోమని హాల్‌స్టెడ్ చెప్పినప్పుడు, ఆ విద్య తనకేమీ తెలియదని యంగ్ నీళ్లు నమిలాడట. తెలియదని మాకూ తెలుసు, నేర్చుకోగలవని మా నమ్మకం అన్నాడట గురువు.

నేర్చుకున్నాడు. రొమ్ము కేన్సర్‌లో గడ్డ ఒక్కటే కాక చుట్టుపక్కల కణజాలమంతా తీసెయ్యాలన్నది హాల్‌స్టెడ్ సిద్ధాంతం. దాన్నే యంగ్ ప్రోస్టేట్‌కు వర్తింపజేశాడు. మూత్రాశయం కింద ఒదిగి ఉండే ఆ గ్రంథిని, వెనకనున్న శుక్రాశయాలతో సహా ఒకే ముద్దగా బయటికి తీశాడు.

అంతా వచ్చేసిందా? ఆయన దగ్గరున్న సాధనం చూపుడు వేలు. మలద్వారం గుండా తడిమి చూస్తే రాయిలా తగిలే గట్టిదనమే రోగనిర్ధారణ. రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టి అప్పటికి తొమ్మిదేళ్లే. పైగా ఎక్స్‌రేకు ఎముక కనిపిస్తుంది గానీ మెత్తని గ్రంథి లోపలి సంగతి కనిపించదు. జబ్బు తిరగబెట్టిందని రోగికి చెప్పేది చాలాసార్లు నడుం నొప్పే. అప్పటికే అది ఎముకల్లోకి దిగిపోయి ఉండేది.

బయటికొచ్చిన ముక్క చెప్పిన మాట

1966లో మినియాపోలిస్ మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే డొనాల్డ్ గ్లీసన్, కేన్సర్ కణాల అమరికను అయిదు తరగతులుగా విడదీశాడు. చక్కగా గూళ్లు కట్టుకున్నట్టుండే కణాలు ఒక కొసన, కట్టు తప్పి చెల్లాచెదురైనవి రెండో కొసన. ఎక్కువగా కనిపించే రెండు అమరికల అంకెలను కలిపితే వచ్చేదే నేటికీ బయాప్సీ రిపోర్టులో చూసే గ్లీసన్ స్కోరు. రోగి భవిష్యత్తును అంకెలో పెట్టిన తొలి గట్టి ప్రయత్నాల్లో అదొకటి.

అయితే సూక్ష్మదర్శిని చూసేది బయటికొచ్చిన ముక్కను. రోగి ప్రశ్నేమో లోపల మిగిలినదాని గురించి.

నిప్పు లేనిదే పొగ రాదు

ఆ లోటు తీర్చింది రక్తం. 1979లో బఫెలోలోని రాస్‌వెల్ పార్క్ సంస్థలో టి. మింగ్ చూ బృందం ప్రోస్టేట్ కణజాలం నుంచి ఒక ప్రొటీన్‌ను శుద్ధి చేసింది. అదే పీఎస్ఏ. ఇవాళ దీన్ని జబ్బును పసిగట్టే పరీక్షగానే అందరూ ఎరుగుదురు. కానీ అమెరికా ప్రభుత్వం 1986లో మొదట అనుమతించింది, అప్పటికే జబ్బున్నవారిని కనిపెట్టుకుని ఉండటానికి. జబ్బును గుర్తించే పనికి అనుమతి దొరికింది 1994లో.

తర్కం తేలికైనది. పీఎస్ఏను తయారుచేసేది ప్రోస్టేట్. గ్రంథిని పూర్తిగా తీసేస్తే రక్తంలో అది దాదాపు సున్నాకు పడిపోవాలి. పడిపోయినది మళ్లీ పెరిగిందంటే ఎక్కడో దాని కణాలు బతికే ఉన్నాయి. మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు తాకి, రెండోసారి చేసినా అలాగే వస్తే వైద్యులు దాన్ని తిరగబెట్టడంగా లెక్కిస్తారు.

పొగ కనబడింది సరే, నిప్పు ఎంత పెద్దది? 1999లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు, అక్కడే ఆపరేషన్ చేయించుకున్న 1,997 మంది కథను ప్రచురించారు. దాదాపు 15 శాతం మందిలో పీఎస్ఏ మళ్లీ పెరిగింది. అలా పెరిగినవారిలో వేరే చికిత్స మొదలెట్టకుండా గమనిస్తే, జబ్బు దూరపు అవయవాలకు పాకడానికి పట్టిన మధ్యస్థ కాలం ఎనిమిదేళ్లు. అంటే పీఎస్ఏ పెరుగుదల హెచ్చరికే తప్ప మరణశాసనం కాదు. పొగ ఎక్కణ్నుంచి వస్తోందో మాత్రం రక్తం చెప్పలేదు.

కత్తి పెట్టకముందే

జబ్బు ఎక్కడుందో చూపే పనిని బొమ్మలు అందుకున్నాయి. 1973లో పాల్ లాటర్‌బర్ అయస్కాంత క్షేత్రంలో నీళ్ల గొట్టాల బొమ్మ తీసి ఎంఆర్ఐకి నాంది పలికాడు. 1980లలో ఆ యంత్రం ప్రోస్టేట్ వైపు తిరిగింది. దాని కిటుకు నీళ్లలో ఉంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలో నీటి అణువులు కాస్త స్వేచ్ఛగా తిరుగుతాయి. కేన్సర్ కణాలు కిక్కిరిసిన చోట, తిరునాళ్ల జనంలో చిక్కుకున్నట్టు కదల్లేవు. ఆ కదలలేనితనమే బొమ్మలో మచ్చగా తేలుతుంది.

ఆ మచ్చ గ్రంథి పొరను చీల్చుకు బయటికొచ్చిందా? శుక్రాశయాల్లోకి చేరిందా? తిరగబెట్టే అవకాశాన్ని పెంచేవి ఇవే. 1982లో ప్యాట్రిక్ వాల్ష్ పక్కనున్న నరాలను కాపాడుతూ ఆపరేషన్ చేసే దారి చూపాక, ఏ పక్క నరాన్ని ఉంచవచ్చన్నది సర్జన్‌కు కూడా పెద్ద ప్రశ్నయింది. 2012లో వచ్చిన పై-ర్యాడ్స్ పద్ధతి ఈ మచ్చలకు 1 నుంచి 5 దాకా మార్కులు వేసి, వైద్యులందరికీ ఒకే భాష ఇచ్చింది.

అదే కాలంలో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నుంచి మరో కబురు. ప్రోస్టేట్ కేన్సర్ కణాల మీద దండిగా ఉండే పీఎస్ఎంఏ అనే ప్రొటీన్‌ను వెతికి పట్టుకునే అణువుకు రేడియోధార్మిక గాలియం-68ను తగిలించారు అక్కడి శాస్త్రవేత్తలు. ఆ గాలియం 68 నిమిషాలకోసారి సగమైపోతుంది. ఆలోపే పెట్ స్కాన్‌లో నిప్పున్న చోట వెలిగి చూపిస్తుంది. ఈ స్కాన్‌ను అమెరికా 2020 డిసెంబరులో అనుమతించింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు.

తాజా అడుగు కంప్యూటర్‌ది. ఎంఆర్ఐ బొమ్మలోని నలుపు తెలుపుల మధ్య కంటికి ఆనని వందలాది తేడాలను లెక్కగట్టి, ఆపరేషన్‌కు ముందే తిరగబెట్టే అవకాశాన్ని అంచనా కట్టే పద్ధతిని రేడియోమిక్స్ అంటున్నారు. ఒక ఆసుపత్రి బొమ్మల మీద నేర్చిన లెక్క, వేరే యంత్రం తీసిన బొమ్మల దగ్గర తడబడటం దీనికున్న ప్రధాన చిక్కు.

తెలిస్తే ఏం లాభం?

జవాబు 2020లో వెలువడిన రాడికల్స్ అనే అధ్యయన ఫలితాల్లో ఉంది. ఆపరేషన్ అయిన 1,396 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే రేడియేషన్, మనవాళ్ల మాటలో కరెంటు పెట్టడం. రెండో జట్టుకు పీఎస్ఏ పెరిగితేనే. అయిదేళ్లకు చూస్తే ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. వేచి చూసిన జట్టులో ఎనిమిదేళ్లలో కరెంటు అవసరమైంది మూడోవంతు మందికే. మొదటే అందరికీ పెట్టేసి ఉంటే మిగతావారు మూత్రం ఇబ్బందులను, పేగు మంటలను ఉత్తపుణ్యానికి భరించేవారు.

జబ్బు ఎవరికి తిరగబెడుతుందో పట్టుకోవడం ఎంత ముఖ్యమో, ఎవరిని వదిలెయ్యవచ్చో తెలుసుకోవడమూ అంతే ముఖ్యం. బొమ్మ చెప్పేది జాతకం కాదు, సంభావ్యత. అందుకే, స్కాన్ ఎంత శుభ్రంగా ఉన్నా ఆపరేషన్ అయిన మనిషి కొన్ని నెలలకోసారి చెయ్యి చాచి పీఎస్ఏకు రక్తం ఇవ్వాల్సిందే. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఆయన అడిగేది మాత్రం యంగ్ కాలం నాటి ప్రశ్నే.