బట్టలు విప్పే స్వేచ్ఛ, కట్టుకునే హక్కు

పుదుచ్చేరి నగరానికి పడమటి వైపున ఉంది రెడ్డియార్‌పాళయం. విల్లుపురం వెళ్లే రోడ్డు ఈ పేట మధ్యగా సాగుతుంది. రెడ్డియార్ అంటే రెడ్డి అన్న మాటకు తమిళ గౌరవ రూపం. విజయనగర రాజుల కాలంలో తెలుగు నేల నుంచి వచ్చి తమిళనాట స్థిరపడిన రైతు కుటుంబాలకు ఆ పేరు నిలిచింది.

మే నెల మధ్యాహ్నం ఈ రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. సముద్రం దగ్గరే కాబట్టి గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుందే కాని ఆరదు. "ఈ బట్టల బాధ లేకుంటే ఎంత హాయి!" అని అప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది. సరదాగా అనుకునే ఈ మాటను ఒకసారి నిజమైన ప్రశ్నగా తీసుకుందాం. బట్టలు లేకుండా వీధిలో తిరగవచ్చునని రేపు చట్టం వస్తే మన జీవితం ఎలా మారుతుంది? దీనికి జవాబు ఊహలో కన్నా చరిత్రలో వెతకడం మేలు. ఈ ఊరి చరిత్రలో బట్టకు ఉన్న పాత్ర చాలా పెద్దది.

పేను చెప్పిన కథ

మనిషి ఒంటి మీది దట్టమైన వెంట్రుకలను సుమారు 12 లక్షల సంవత్సరాల క్రితమే కోల్పోయి ఉంటాడని శాస్త్రజ్ఞుల అంచనా. మరి బట్ట కట్టడం ఎప్పుడు మొదలయింది? బట్ట మట్టిలో నిలవదు, కుళ్లిపోతుంది. కాబట్టి తవ్వకాలలో జవాబు దొరకడం కష్టం. ఆ జవాబు విచిత్రంగా పేను దగ్గర దొరికింది.

జర్మనీలో పనిచేస్తున్న మార్క్ స్టోన్‌కింగ్ అనే జన్యు శాస్త్రవేత్త కొడుకు ఒకరోజు బడి నుంచి ఒక చీటీ తెచ్చాడు. తరగతిలో పిల్లలకు పేలు పడ్డాయన్నది అందులోని సమాచారం. ఆ చీటీయే ఆయనకు ఆలోచన ఇచ్చింది. తలలో ఉండే పేను వేరు, బట్టల మడతలలో గుడ్లు పెట్టే ఒంటి పేను వేరు. బట్టలు లేనిదే రెండవది బతకలేదు. అంటే ఈ రెండూ ఎప్పుడు విడిపోయాయో తెలిస్తే మనిషి బట్ట కట్టిన కాలం తెలిసినట్టే. రెండింటి డి.ఎన్.ఏ.లను పోల్చి ఆయన బృందం 2003లో చెప్పిన అంచనా సుమారు 72 వేల సంవత్సరాలు. 2011లో అమెరికా పరిశోధకులు లెక్కను ఇంకా వెనక్కు, 1,70,000 సంవత్సరాల వరకు జరిపారు.

ఏ లెక్క తీసుకున్నా ఒక విషయం స్పష్టం. వెంట్రుకలు పోయిన తరువాత మనిషి సుమారు 10 లక్షల ఏళ్లు బట్ట లేకుండానే బతికాడు. ఆ కాలంలో అతన్ని ఎండ నుంచి కాపాడింది చర్మంలోని మెలనిన్. వేడి నుంచి కాపాడింది చెమట. మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల దాకా స్వేద గ్రంథులున్నాయి. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి దాదాపు 580 కెలోరీల వేడిని శరీరం నుంచి తీసుకుంటుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట మాత్రం ఒంటిని చల్లబరచదు. విల్లుపురం రోడ్డు మీద మనల్ని బాధించేది ఇదే.

మరి బట్టలు విప్పేస్తే హాయేనా? నీడలో, గాలి తగిలే చోట హాయే. నడి ఎండలో కాదు. అక్కడ పలుచని వదులు నూలు బట్ట గొడుగులా పనిచేస్తుంది. అతినీలలోహిత కిరణాలను కొంత ఆపుతుంది, చెమటను పీల్చి ఆరనిస్తుంది. ఇక దోమల సంగతి చెప్పనక్కర లేదు. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలు ఒకప్పుడు ఈ ఊరిని పీడించాయి. భారత వైద్య పరిశోధనా మండలి 1975లో దోమల వంటి వ్యాధి వాహకాల అదుపుకు పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పింది పుదుచ్చేరిలోనే. 1981 నుంచి 1985 దాకా ఆ కేంద్రం ఇక్కడ బోదకాలు దోమల మీద పెద్ద ఎత్తున పనిచేసింది. నేటికీ డెంగీ రోజుల్లో డాక్టర్లు చెప్పే మొదటి మాట, ఒళ్లంతా కప్పుకోమనే.

బట్ట మీద పెరిగిన ఊరు

పుదుచ్చేరికి దక్షిణంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ ఇక్కడ తవ్వకాలు జరిపి రోమన్ దేశపు కుండ పెంకులను, ఇటుకలతో కట్టిన తొట్లను బయటపెట్టాడు. అవి నూలు బట్టలకు రంగులు అద్దిన తొట్లని ఆయన భావించాడు. తరువాతి పండితులందరూ దీనిని ఒప్పుకోలేదు. కాని ఈ తీరం నుంచి సన్నని నూలు వస్త్రాలు రోముకు వెళ్లాయన్నది మాత్రం ప్రాచీన గ్రంథాల వల్ల కూడా తెలుస్తున్నది.

అక్కడ ఆ వస్త్రాలు గొడవే తెచ్చాయి. భారత్, చైనా, అరేబియాల సరుకులకు ఏటా 10 కోట్ల సెస్టర్సుల సొమ్ము పోతున్నదని మొదటి శతాబ్దంలో ప్లినీ లెక్క చెప్పి వాపోయాడు. అదే కాలపు తత్వవేత్త సెనెకాకు మరో బాధ: ఒళ్లు కనిపించే పలుచని పట్టు బట్టలు కట్టుకోవడం కట్టుకోనట్టే కదా అని. ఏది బట్ట, ఏది నగ్నత్వం అన్న వాదం ఎంత పాతదో చూడండి!

ఆ కాలంలో మన వాళ్లు ఎలా ఉండేవారు? అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు గమనించండి. రాజులు, రాణులు, దాసీలు, భక్తులు ఎందరో నడుముకు పైన ఆభరణాలే తప్ప బట్ట లేకుండా కనిపిస్తారు. శిల్పం ఫోటో కాదు, నిజమే. కాని ఛాతీ కప్పకపోవడం సిగ్గుమాలిన పని అనుకునే సమాజమయితే బౌద్ధ స్తూపం మీద అలా చెక్కించదు. అంతకు ముందే, క్రీ.పూ. 326లో, అలెగ్జాండర్ వెంట వచ్చిన గ్రీకులు తక్షశిల వద్ద నగ్న మునులను చూసి ఆశ్చర్యపోయారు. దిగంబర జైన మునులు నేటికీ వీధుల్లో అలాగే నడుస్తారు. కాబట్టి సిగ్గు అనేది ఆకలి లాగా పుట్టుకతో ఒకే రూపంలో వచ్చేది కాదు. కాలాన్ని బట్టి, చోటును బట్టి దాని హద్దులు మారాయి.

1674లో ఫ్రెంచివారు పుదుచ్చేరిలో స్థిరపడింది ముఖ్యంగా బట్టల వ్యాపారం కోసమే. తెలుగు తీరాన యానాంలోనూ వారికి వ్యాపార స్థావరం ఉండేది. అదే గోదావరి ప్రాంతంలో నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు 'మాదాపొల్లం' అనే నూలు బట్టకు ప్రపంచమంతటా నిలిచింది. పుదుచ్చేరి నీలిమందు అద్దకం బట్టకు మాత్రం 'గినీ' అని పేరు. ఆ పేరు ఆఫ్రికా పశ్చిమ తీరానిది, ఎందుకంటే అది వెళ్లింది అక్కడికే. సెనెగల్ నది లోయలో ఆ నీలి బట్ట డబ్బులాగా చెలామణి అయింది. దానిని ఇచ్చి ఫ్రెంచి వర్తకులు తుమ్మ జాతి చెట్ల బంకను కొన్నారు. భారతీయ నూలు బట్టలను ఇచ్చి బానిసలుగా మనుషులనూ కొన్నారు. ఒకరి ఒళ్లు కప్పే బట్ట మరొకరి ఒంటికి వెల అయింది.

19వ శతాబ్దంలో ఇక్కడ మిల్లులు వచ్చాయి. 1936 జులై 30న సమ్మె చేస్తున్న మిల్లు కార్మికుల మీద కాల్పులు జరిగి 12 మంది మరణించారు. ఆ పోరాటం ఫలితంగానే ఫ్రెంచి ఇండియా కార్మికులకు 8 గంటల పనిదినం దక్కింది. ఆ పెద్ద మిల్లులు ఇప్పుడు మూతపడ్డాయి.

విప్పమన్నది ఎవరు?

ఇక అసలు విషయానికి వద్దాం. మన దక్షిణ దేశంలో గత రెండు వందల ఏళ్ల పోరాటాలు ఒళ్లు విప్పుకునే స్వేచ్ఛ కోసం జరగలేదు. కప్పుకునే హక్కు కోసం జరిగాయి.

తిరువాన్కూరు రాజ్యంలో నాడార్, ఈళవ తదితర కులాల స్త్రీలు పై కులాల వారి ముందు ఛాతీ కప్పుకోకూడదన్నది కట్టుబాటు. దానిని ధిక్కరించి రవిక తొడిగిన నాడార్ స్త్రీల మీద దాడులు జరిగాయి. 1829లో రాజ శాసనం కూడా వారికి పైబట్టను నిరాకరించింది. దశాబ్దాల ఘర్షణ తరువాత, 1859 జులై 26న వెలువడిన ప్రకటన నాడార్ స్త్రీలు పైబట్ట కప్పుకోవచ్చునని ఒప్పుకుంది. అప్పుడు కూడా ఒక మెలిక పెట్టింది: పై కులాల స్త్రీల పద్ధతిలో మాత్రం కట్టరాదు!

తెలుగు నేల మీదా ఇలాంటివి ఉండేవి. భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి జుట్టుతో పాటు రవికా పోయేది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిన నాటి సమాజం అది. ఊళ్లలో పెద్ద కులాల వారు ఎదురయితే దళితుడు భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకోవాలి, చెప్పులు చేతబట్టుకోవాలి.

పుదుచ్చేరిలో తగువు చెప్పుల దగ్గరే వచ్చింది. పొన్నుతంబి పిళ్లై అనే న్యాయవాది 1873లో ఐరోపా తరహా బూట్లు తొడుక్కుని కోర్టుకు వచ్చినందుకు శిక్షకు గురయ్యాడు. ఆయన ఊరుకోలేదు. పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి గెలిచాడు.

దీని పక్కన మరొక సంగతి పెట్టి చూడండి. 1891లో బొంబాయి రాష్ట్రంలోని ఠాణాలో చార్లెస్ క్రాఫర్డ్ అనే ఆంగ్ల జడ్జి ఒక నగ్న సంఘాన్ని పెట్టాడు. ప్రపంచంలో నమోదయిన తొలి నగ్నవాద సంఘం అదే. అందులో సభ్యులు ముగ్గురే, ముగ్గురూ తెల్లవారు. ఒక జడ్జికి బట్టలు విప్పడం సరదా. ఆ కాలపు నాడార్ స్త్రీకి విప్పి ఉండడం తలవంపు. రెండు చోట్లా కనిపించేది చర్మమే; ఒకచోట ఇష్టం ఉంది, మరొకచోట లేదు.

1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీజీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టాడు. కొనగలిగి ఉండీ కొనలేని వారి పక్కన నిలబడడానికి అలా చేశాడు. 1934 ఫిబ్రవరి 17న పుదుచ్చేరికి వచ్చినదీ ఆ కొల్లాయితోనే. చర్చిల్ దానిని ఎగతాళి చేశాడు గాని, ఈ దేశంలో ఎవరికీ అది నగ్నత్వంగా తోచలేదు.

చట్టం ఒప్పుకున్న చోట ఏమయింది?

స్పెయిన్ 1980ల చివరలో బహిరంగ నగ్నత్వాన్ని శిక్షించే పాత నేరాన్ని చట్టం నుంచి తీసేసింది. అయినా జనం బట్టలు కట్టుకునే తిరిగారు. 2011లో బార్సిలోనా నగరం వీధుల్లో నగ్నంగా తిరగడాన్ని తిరిగి నిషేధించింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కూడా ఒకప్పుడు అడ్డు చెప్పలేదు. కాని 2011లో, బహిరంగ స్థలాల్లో కూర్చునేటప్పుడు కింద ఏదైనా బట్ట పరచుకోవాలని నియమం పెట్టవలసి వచ్చింది. మరుసటి ఏడు మొత్తంగా నిషేధానికే ఓటు వేసింది. జర్మనీలో కొన్ని సముద్ర తీరాలు, సరస్సులు దీనికి కేటాయించారు. పద్ధతి అక్కడ ప్రశాంతంగా సాగుతున్నది.

మన దేశంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో ఇతరులకు బాధ కలిగేలా అసభ్యంగా ప్రవర్తిస్తే 3 నెలల దాకా జైలు. అయితే నగ్నంగా ఉన్న ప్రతి బొమ్మా అసభ్యం కాదని, సందర్భం చూడాలని సుప్రీంకోర్టు 2014లో ఒక తీర్పులో చెప్పింది.

ఈ అనుభవాలను బట్టి రేపటి చట్టం ఫలితాన్ని కొంతవరకు ఊహించవచ్చు. రెడ్డియార్‌పాళయం బస్‌స్టాపులో పెద్ద మార్పు కనిపించదు. ఎండ, దోమ, కాలే బస్సు సీటు, డబ్బులు పెట్టుకునే జేబు చాలు, బట్టలను నిలబెట్టడానికి. మారేది చూపుల సంగతి. 2012లో బయటపడిన ఒక వీడియో గుర్తుంచుకోదగినది. తిండి ఆశ చూపి అండమాన్‌లోని జారవా స్త్రీలను పర్యాటకుల ముందు ఆడించారు. వారికి తమ ఒళ్లు సిగ్గు కాదు. అవమానం కెమెరా పట్టుకున్న చేతి నుంచి వచ్చింది. ఇప్పుడు ఆ కెమెరా అందరి జేబుల్లోనూ ఉంది. అటువంటి వీధిలో చట్టం ఇచ్చే స్వేచ్ఛను ధైర్యంగా వాడుకోగలిగేది ఎవరు, అందువల్ల ముందుగా నష్టపోయేది ఎవరు అన్నది తేల్చకుండా దాన్ని స్వేచ్ఛ అనలేం.

విద్యార్థులు ఒక పని చేయవచ్చు. ఇంట్లో అమ్మమ్మను, తాతయ్యను అడగండి: మీ చిన్నతనంలో ఎవరు ఏమి కట్టుకోకూడదనేవారు? ఎవరి ముందు చెప్పులు విప్పమనేవారు? ఆ నియమం ఎప్పుడు, ఎవరి వల్ల పోయింది? వారి జవాబులను ఒక నోటుపుస్తకంలో పేరు, ఊరు, సంవత్సరంతో రాసి పెట్టండి. ఈ చరిత్రలో చాలా భాగం ఇంకా ఎవరూ రాయలేదు.