వైర్‌లెస్ నెట్‌వర్క్‌లలో వాడుకరి ధ్రువీకరణ

వాడుకరి తాను చెప్పుకుంటున్న మనిషేనా అని రేడియో సంకేతాల మీదుగా తేల్చుకునే పద్ధతులివి. గాలిలో వెళ్లే సంకేతాన్ని చుట్టుపక్కల ఎవరైనా పట్టుకోగలరు. అందుకే పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు పంపకుండా, అది తెలుసని మాత్రమే రుజువు చేయాలి.

1997లో వైఫైతోపాటే వచ్చిన వెప్ పద్ధతిని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్‌ల పరిశోధన కూలదోసింది. దాని స్థానంలో మరింత గట్టి పద్ధతులుగా 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. భారత్‌లో 2008లో రక్షణ లేని వైఫై ద్వారా ఉగ్రవాదుల ఈమెయిళ్లు వెళ్లడంతో, 2009 ఫిబ్రవరిలో భారత టెలికాం శాఖ బహిరంగ వైఫై వాడేవారి గుర్తింపును తప్పనిసరి చేసింది. రైల్వే స్టేషన్ల వైఫైలో అడిగే ఓటీపీ ఆ కోవలోదే.

సెన్సర్ నెట్‌వర్క్‌ల కథ ఇంతకంటే లోతైనది. పొలంలోనో అడవిలోనో ఉంచిన చిన్న పరికరం బ్యాటరీ మీదే నెట్టుకురావాలి. బరువైన లెక్కలు దానికి మోయలేని భారం. 2006లో వాంగ్ బృందం హ్యాష్ లెక్కలతోనే (వెనక్కి తిప్పలేని తేలికైన లెక్కలు) సరిపెట్టే తేలికైన పాస్‌వర్డ్ పద్ధతిని ప్రతిపాదించింది. అందులో ఒకే గుర్తింపుతో పలువురు లోపలికి రాగలరని మాణిక్ లాల్ దాస్ 2009లో చూపి, పాస్‌వర్డ్‌కు స్మార్ట్ కార్డును జోడించారు. మరుసటి ఏడాదే ఖాన్, అల్‌ఘత్‌బర్ ఆయన పద్ధతిలోనూ సెన్సర్లకూ వాడుకరికీ మధ్య ఉండే గేట్‌వేను తప్పించుకుపోయే దారి ఉందని తేల్చి, సవరణ చెప్పారు. 2012లో అశోక్ కుమార్ దాస్ బృందం శ్రేణులుగా అమర్చిన సెన్సర్ల కోసం మరో పద్ధతిని ఇచ్చింది. అందులో వాడుకరి, నెట్‌వర్క్ కేంద్రమైన బేస్ స్టేషన్‌ను అడగకుండానే పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. నెట్‌వర్క్‌కు కొత్త సెన్సర్లనూ చేర్చవచ్చు.

ఈ పరిశోధన తర్వాతి దశలో తెలుగునాట జరిగిన కృషి ఎన్నదగినది. అశోక్ కుమార్ దాస్ పనిచేసిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఈ పరిశోధనకు ముఖ్య కేంద్రమైంది. ఆ సంస్థ మార్గదర్శకత్వంలో 2013లో అప్పటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలో మరో ట్రిపుల్ ఐటీ మొదలైంది. 2022 నుంచి శ్రీసిటీ తిరుపతి జిల్లాలో ఉంది. వంగ ఓదెలు (తర్వాత శ్రీసిటీ సంస్థలో పనిచేశారు), అశోక్ కుమార్ దాస్, అదృజిత్ గోస్వామి కలిసి 2015లో ప్రచురించిన వ్యాసం నిశితమైనది. హీ, మరో వాంగ్ కలిసి ఇచ్చిన బయోమెట్రిక్ పద్ధతిలో ఒక సంభాషణకు వాడిన తాత్కాలిక రహస్యాలు బయటపడితే ఆ సంభాషణ తాళంచెవి కూడా దొరికిపోతుందని చూపి, స్మార్ట్ కార్డుతో నడిచే తమ పద్ధతిని వారు ముందుంచారు. 2017లో చల్లా శ్రావణి, ఆలవలపాటి గౌతమ్ రెడ్డి తదితరులు ఎలిప్టిక్ కర్వ్ గణితంపై ఆధారపడిన డిజిటల్ సంతకాలతో ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ పరికరాలకు ఒక పద్ధతిని రూపొందించారు. స్మార్ట్ గ్రిడ్ (ఆధునిక విద్యుత్ వ్యవస్థ) మీద ఓదెలు, అశోక్ కుమార్ దాస్, వాజిద్, కాంటీల వ్యాసం 2018లో పత్రిక సంచికలో వెలువడింది. సాయ్, లో అనే ఇద్దరు పరిశోధకుల పద్ధతిలో విద్యుత్ మీటరు రహస్యాలు బయటపడే వీలుందని నిరూపించి, ఆ లోపాన్ని పూడ్చింది.