ఆదిత్య 369లో విజయనగరం

1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’, విజయనగర సామ్రాజ్యాన్ని కాలయంత్రం కథలోకి తెచ్చిన తెలుగు సైన్స్ ఫిక్షన్ చిత్రం. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. నాయకానాయికలు కృష్ణకుమార్, హేమ ఆ యంత్రమెక్కి 1526లో కృష్ణదేవరాయల కొలువుకు చేరతారు. రాయలుగా, కృష్ణకుమార్‌గా నందమూరి బాలకృష్ణే నటించారు. రాయల కాలపు వజ్రం కథకు ఇరుసు. తెరపై రాజ్యం సిరిసంపదలతో కళకళలాడుతుంది. 1526కు 39 ఏళ్ల తర్వాత తళ్ళికోట యుద్ధంలో ఆ రాజ్యం ఓడిపోయింది. 1565 జనవరిలో ఆ ఓటమితో విజయనగరం ధ్వంసమయ్యాక తిరుమల రాయలు రాజధానిని పెనుకొండకు మార్చారు. అక్కడి గగన్‌మహల్ నేటికీ నిలిచి ఉంది. యుద్ధ వినాశనాన్ని చిత్రం 2504 నాటి భవిష్యత్తులో చూపింది: అణుధార్మికత కమ్మిన నేలను వదిలి మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. తెరపై రాయలైన బాలకృష్ణ, పెనుకొండకు పొరుగునున్న హిందూపురం నుంచి 2014, 2019, 2024లలో శాసనసభకు ఎన్నికయ్యారు.