కొత్త ఇంట్లో ఉప్పు, పగుళ్లు: కోనసీమలో ఎవరిని అడగాలి, ఎప్పటిలోగా అడగాలి

కువైట్‌లోనో ఖతర్‌లోనో పదేళ్లు కష్టపడి, అమలాపురం పక్కనో రాజోలు వైపో నాలుగు సెంట్లు కొని ఇల్లు కట్టుకున్న కుటుంబాలు కోనసీమలో చాలానే ఉన్నాయి. పునాది నుంచి స్లాబు దాకా పనంతా ఫోన్లో ఫొటోలుగానే చూసి ఉంటారు. సెలవు మీద వచ్చి దువా చేయించి, చుట్టాలకు దావత్ పెట్టి మళ్లీ విమానం ఎక్కుతారు. మొదటి వానాకాలం గడిచేసరికి అమ్మీ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. హాల్లో గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగుతోంది, రంగు పెచ్చులుగా రాలుతోంది, కిటికీ మూల నుంచి ఏటవాలుగా గీత పడింది. మేస్త్రిని అడిగితే ‘కొత్త ఇల్లు కదండీ, ఎండలు ముదిరితే అదే ఆరిపోద్దండి’ అంటాడు.

కొన్ని నిజంగానే ఆరిపోతాయి. కొన్ని ఆరవు. ఆ తేడా తెలుసుకునేలోపే ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు కరిగిపోవడమే అసలు నష్టం.

నేల స్వభావం

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య సముద్రాన్ని ఆనుకుని ఉన్న డెల్టా ఇది. చాలాచోట్ల బంకమట్టి నేల. కొద్ది అడుగులు తవ్వితే నీరు. సఖినేటిపల్లి, మలికిపురం లాంటి తీరం వైపు మండలాల్లో బోరు నీరు ఉప్పగా ఉండటం అక్కడివాళ్లకు కొత్త సంగతి కాదు. పైగా వరిచేలు, గుంటలు మెరక చేసి వేసిన లేఅవుట్లు ఎక్కువయ్యాయి. వేరే చోట చెల్లిపోయే చిన్న నిర్లక్ష్యం ఇక్కడ రెండు మూడేళ్లలో బయటపడిపోతుంది.

గోడ అడుగున ఉప్పు సంగతి చూద్దాం. నేలలోని తేమ ఇటుకల గుండా పైకి పాకకుండా, గోడ మొదలయ్యే చోట ఒక అడ్డు పొర వేయాలి. ఇంజనీర్లు దాన్ని డీపీసీ అంటారు. అది వేయకపోయినా, మధ్యలో తెగినా తేమ ఎక్కుతూనే ఉంటుంది, మోసుకొచ్చిన ఉప్పును గోడ మీద వదిలేస్తుంది. చెమ్మ నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా వచ్చి ఆగిందంటే అనుమానం డీపీసీ మీదే. పైనుంచి కిందికి మరక దిగితే స్లాబును, బాత్రూమ్ గోడ అవతల మాత్రమే ఉంటే పైపులను చూడాలి. దీనికి పుట్టీ కొట్టి, రంగు వేయడం మందు కాదు. డబ్బు దండగ, పైగా రుజువు కూడా మాయమవుతుంది.

పగుళ్లలో అన్నీ ప్రమాదం కావు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత సన్నగా అల్లుకున్నవి సాధారణంగా క్యూరింగ్ సరిగా లేక వచ్చేవి. చూడ్డానికి బాగోవు, ఇల్లు మాత్రం కూలదు. బీముకూ గోడకూ మధ్య అడ్డంగా వచ్చే గీత చాలాసార్లు రెండు వేర్వేరు పదార్థాలు కలిసే చోట జాలీ వేయనందువల్ల వచ్చేది. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగులు మాత్రం పునాది ఒకవైపు కుంగుతోందనడానికి గుర్తు కావచ్చు. బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, మెరక సరిగా దిమ్మిస చేయకపోతే అదీ దిగుతుంది. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను సిమెంటుతో రెండు పక్కలా అతికించండి. కొన్ని నెలల్లో గాజు విరిగితే ఇల్లు ఇంకా కదులుతోందని అర్థం.

అన్నిటికంటే భయపడాల్సింది స్లాబు అడుగున, పిల్లర్ల మీద ఇనుప చువ్వ వెంట నిటారుగా వచ్చే పగులు, దాంతోపాటు తుప్పు రంగు మరక. ఉప్పు నీటితో కాంక్రీటు కలిపినా, ఉప్పు ఇసుక వాడినా చువ్వకు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. అందుకే భారత ప్రమాణం ఐఎస్ 456 ఇనుము వాడే కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. సముద్రపు గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు అడుగుతుంది. క్యూరింగ్ మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీకి 10 రోజులు. ‘మూడు రోజులు తడిపాం కదా’ అన్న మాట ఈ లెక్కకు నిలబడదు.

రుజువు ముందు, రిపేరు తర్వాత

మేస్త్రి మనిషిని పంపి పూత పూయించేలోపు ప్రతి లోపానికీ పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయించండి. ఆ ఇంటి పనితో సంబంధం లేని సివిల్ ఇంజనీరును పిలిచి, లోపం ఏమిటి, కారణం ఏమిటి, సరిచేయడానికి ఎంత అవుతుంది అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాంకు లోను కోసం వచ్చిన ఇంజనీరు రిపోర్టు దీనికి పనికిరాదు, ఆయన చూసింది ఇంటి విలువను, నాణ్యతను కాదు.

మన దగ్గర చాలా ఇళ్లు లేబర్ కాంట్రాక్టు మీదే లేస్తాయి. చదరపు అడుగుకు ఇంత కూలి, సరుకు యజమానిది. గొడవ వచ్చినప్పుడు మొదటి జవాబు ‘మీరు తెచ్చిన సిమెంటే అలాంటిదండీ’. అందుకే సిమెంటు, ఇనుము, ఇసుక బిల్లులు, వాట్సాప్ సంభాషణలు, బ్యాంకు ద్వారా పంపిన డబ్బు వివరాలు ఏవీ చెరపొద్దు. ఫోన్లోని వాట్సాప్ చాట్‌ను కాగితం మీద కోర్టులో చూపాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి.

తర్వాత లోపాలన్నీ రాసి, ఫలానా రోజుల్లో సరిచేయాలని కోరుతూ స్పీడ్‌పోస్టులో ఉత్తరం పంపాలి. ఉత్తరం అందినట్టు రుజువు దాచుకోవాలి.

చట్టంలో రెండు దారులు

అపార్టుమెంటు లేదా వెంచర్‌లో ఇల్లు కొన్నవారికి రెరా చట్టం, 2016 ఉంది. ఇల్లు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, దాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని సెక్షన్ 14(3) చెబుతుంది. అయితే 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు దాటని స్థలంలో కట్టినవాటికీ, 8 ఫ్లాట్లకు మించనివాటికీ రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సొంత స్థలంలో మేస్త్రితో కట్టించుకున్న ఇల్లు ఆ దారిలోకి రాదు.

అలాంటివారికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దిక్కు. ఇళ్ల నిర్మాణం ‘సేవ’ కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. కొత్త చట్టంలో ఆ మాట నిర్వచనంలోనే ఉంది. కట్టినందుకు ఇచ్చిన మొత్తం 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు, ఆపైన 50 లక్షల దాకా గరిష్ఠంగా 1,000 రూపాయలు. ఫిర్యాదుదారు నివసించే చోటే వేయొచ్చు, ఆన్‌లైన్లోనూ వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. సందేహాలకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

గడువు మాత్రం 2 ఏళ్లే. ఇక్కడే మన కుటుంబాలు ఎక్కువగా దెబ్బతింటాయి. మేస్త్రి తెలిసినవాడు, చాలాసార్లు మామూ స్నేహితుడో, పక్క వీధి భాయో అయి ఉంటాడు. కేసు అంటే మొహమాటం. జమాత్ పెద్దల దగ్గర కూర్చుంటారు, ‘రంజాన్ తర్వాత చేయించేస్తాడులే’ అంటారు, తర్వాత వానలు, తర్వాత కూలీలు దొరకరు. నోటిమాట హామీలతో రెండేళ్లు ఆగవు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ అది హక్కు కాదు. పెద్దల మధ్య పరిష్కారం మంచిదే, ఖర్చూ తక్కువ. అయితే ఏ పని, ఏ తేదీలోగా, చేయకపోతే ఎంత ఇవ్వాలి అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

వరదలో దెబ్బతిన్న గోడకు, నాసిరకం పనికీ తేడా ఉంది. 2022 జూలై గోదావరి వరద లాంటిది వచ్చి ఇంట్లో నీళ్లు నిలిస్తే ఆ నష్టం మొత్తం మేస్త్రి మీద పెట్టలేం. వరదకు ముందు తీసిన ఫొటోలు ఉంటేనే పాత లోపం వేరుగా కనబడుతుంది.

గల్ఫ్‌లో ఉన్నవారు తమ్ముడికో, అబ్బాకో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి ఇక్కడ వ్యవహారం నడిపించవచ్చు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ఆ పత్రం ఇండియాకు చేరిన 3 నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి స్టాంపు వేయించాలి. కొరియర్ కవరు పారేయొద్దు, ఏ రోజు చేరిందో చెప్పేది అదే.