నిర్మాణ ప్రమాదాల్లో గాయపడిన కార్మికుల హక్కులు

కల్వకుర్తి, అచ్చంపేట చుట్టుపక్కల పల్లెల నుంచి మేస్త్రీల వెంట మట్టిపనికి, ఆనకట్టల పనికి దేశమంతా తిరిగిన కూలీలనే ‘పాలమూరు లేబర్’ అన్నారు. ఇలా పనిచోట దెబ్బతిన్నవారి పరిహార హక్కుకు 1923 నాటి కార్మికుల పరిహార చట్టం పునాదిగా ఉండేది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి–2020 దాని స్థానంలోకి వచ్చింది.

మరణిస్తే నెల జీతంలో సగాన్ని, శాశ్వతంగా పూర్తి వైకల్యం కలిగితే 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. ముప్ఫై ఏళ్లవారికి గుణకం 207.98. లెక్కకు తీసుకునే జీతం పరిమితిని 2020లో 15,000 రూపాయలుగా నిర్ణయించారు. ఆ ప్రకారం మరణ పరిహారం 15,59,850 రూపాయలు.

పనిని గుత్తకిచ్చినా అసలు యజమాని బాధ్యత తప్పదు. వలస కుటుంబాలకు అన్నిటికన్నా విలువైన హక్కు మరొకటి ఉంది: ప్రమాదం ముంబైలో జరిగినా, తామున్న ప్రాంతపు సమర్థాధికారి (కాంపిటెంట్ అథారిటీ) దగ్గరే రెండేళ్లలోపు దావా వేయవచ్చు. మరణ పరిహారాన్ని ఆ అధికారి దగ్గరే జమ చేయాలి. మేస్త్రీ చేతిలో పెట్టిన డబ్బుతో లెక్క తీరదు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. ఈ సంగతి తెలియక బేరంతో సరిపెట్టుకునే కుటుంబాలకు జరిగేది అన్యాయమే.

2025 ఫిబ్రవరి 22న కల్వకుర్తి, అచ్చంపేటలున్న నాగర్‌కర్నూల్ జిల్లాలోనే దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. వారంతా ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారే. ఇలాంటప్పుడు ప్రభుత్వాలు ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, యజమాని చెల్లించాల్సిన పరిహారం వేరు. నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదైతే దక్కే సాయం ఈ రెంటికీ అదనం.