జీర్ణశకటోద్ధరణము: తిరునిన్రవూరు రైలుదారిని గూర్చి ఒక విచారణ

చెన్నపట్టణమునకు పడమరగా, తిరువళ్లూరునకు పోవు రైలుదారిలో నున్న తిరునిన్రవూరు రెండు కోవెలల వలన ప్రసిద్ధి కెక్కినది. శ్రీదేవి వచ్చి నిలిచిన ఊరు కావున దీనికి తిరునిన్రవూరని పేరు వచ్చినదని వైష్ణవులు చెప్పుదురు. ఇచ్చటి భక్తవత్సలస్వామి సన్నిధి నూటయెనిమిది దివ్యదేశములలో నొకటి. తిరుమంగై ఆళ్వారు ఈ స్వామిని కీర్తించెను. హృదయాలీశ్వరుని కోవెల పూసలారు నాయనారు కథతో పెనవేసికొన్నది. రైల్వేవారి వ్రాతలలో ఈ ఊరు తిన్ననూరుగా చాలకాలము చెల్లినది. యాత్రికులు రైలు దిగి రెండు కోవెలలను సేవించి మరలిపోవుదురు. కాని తాము వచ్చిన దారికిని ఒక చరిత్ర కలదని తలచువారు తక్కువ. ఆ దారిని నడచిన పాతబండ్లను గూర్చియు, పాడుపడిన బండిని మరల నడపించుట యెట్టి పనియో దానిని గూర్చియు ఈ వ్యాసమున విచారింతును.

రెండవ బండి

మద్రాసు రైల్వే కంపెనీవారు రాయపురము నుండి ఆర్కాటు సమీపమునగల వాలాజా రోడ్డు వరకు వేసిన దారి 1856 జూలై 1వ తేదీన తెరవబడెను. దక్షిణదేశమున ప్రయాణికుల కొఱకు ఏర్పడిన మొదటి రైలుదారి యిదియే. ప్రారంభవేళ రెండు బండ్లు నడచెను. మొదటిదానిలో గవర్నరు హారిస్ ప్రభువును, మున్నూరుమంది ఐరోపీయులును వాలాజా రోడ్డునకు పోయిరి. రెండవది తిరువళ్లూరునకు పోయెను. చరిత్రకారులు మొదటి బండిని విశేషముగ వర్ణింతురు. రెండవదానిని ఒక్క వాక్యముతో ముగింతురు. కాని తిరునిన్రవూరి వారికి ఆ రెండవ బండియే ముఖ్యము.

నాటి పెట్టెలను చేసినవారు చెన్నపట్టణపు సింప్సన్ కంపెనీవారు. 1840లో వెలసిన ఆ సంస్థ మొదట గుఱ్ఱపు బండ్లను తయారుచేయుచుండెను. రోడ్డుమీది బండిని చేసిన చేతులే పట్టాలమీది బండిని చేసినవన్నమాట. నాటి రైలుపెట్టె ఇనుప చక్రములపై నిలిపిన చెక్కయిల్లు వంటిది. దానికి స్వయముగ కదలు శక్తి లేదు. లాగునది వేరు, లాగబడునది వేరు. ఎద్దులు లాగు గూడుబండికిని, భక్తులు లాగు తేరునకును, విదేశములలో మోటారు వెనుక తగిలించుకొని పోవు నివాసశకటమునకును ఇదియే లక్షణము. మనుష్యుడు ఇంటిని వెంటగొని పోవలెనని కోరినప్పుడెల్ల ఇట్టి బండినే కల్పించెను.

ఈ దారి క్రమముగ అరక్కోణము నుండి ఉత్తరమునకు తిరిగి, తిరుత్తణి, పుత్తూరు, రేణిగుంట, కడప, గుంతకల్లుల మీదుగా సాగి, 1871లో రాయచూరున బొంబాయి దారితో కలసెను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము ఆంధ్రప్రదేశము నుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. ఎల్లలు మారినను పట్టాలు మారలేదు. ఈ ప్రాంతపు తెలుగువారికి తిరుపతితోడను, రాయలసీమతోడను గల రాకపోకలు నేటికిని ఈ దారివలననే సాగుచున్నవి.

ఆ తొలినాటి పెట్టెలలో ఒక్కటియు నేడు ఈ దారిలో కానరాదు. చెక్కపెట్టె చచ్చుట పైకప్పుతో ఆరంభమగును. కప్పు అతుకు వదలిన చోట వాననీరు దిగును. గోడలోపలి నిలువుకొయ్యల మొదళ్లు కుళ్లును. పైనున్న పలక మాత్రము రంగుతో నిగనిగలాడుచుండును. చూచువాడు పలకను చూచి బండి బాగున్నదనుకొనును. తెలిసిన వడ్రంగి క్రిందికి వంగి ఇరుసును, అడుగు చట్రమును, కొయ్య మొదళ్లను సూదిమొనతో పొడిచి చూచును. ఒకరు మొదలిడి విడిచిన మరమ్మతును మరియొకడు కొన్నచో చిక్కు ఇనుమడించును. వాడు కాలము చేసిన చెఱుపును మాత్రమే గాక, మొదటివాడు తొందరపడి చేసిన పనిని కూడ విప్పవలసియుండును. రంగు చివరి పని; దానిని ముందు చేసినవాడు దోషమును కప్పినవాడే యగును.

పెరంబూరున మరల పుట్టిన ఇంజను

మద్రాసు రైల్వేవారు 1856లోనే పెరంబూరున మరమ్మతు కర్మాగారము నెలకొల్పిరి. తరువాత ఆ ప్రాంతముననే 1955 అక్టోబరు 2న జవహర్లాల్ నెహ్రూ పెట్టెల కర్మాగారమును ప్రారంభించెను. స్విట్జర్లాండు వారి సహాయముతో అచ్చట ఉక్కుపెట్టెల నిర్మాణము మొదలై, ఆ నమూనాలో చివరి పెట్టె 2018 జనవరిలో వెలువడినది. ఇట్లు బండ్లు పుట్టుటకును బాగుపడుటకును నెలవైన పెరంబూరునకు ఈ శతాబ్దమున ఒక వృద్ధయంత్రము వచ్చినది.

ఇంగ్లండులోని లీడ్సు నగరమున 1855లో కిట్సన్, థామ్సన్, హ్యూవిట్సన్ అనువారి కర్మాగారమున తయారై, ఈస్టిండియన్ రైల్వేలో 21వ సంఖ్యతో నడచిన ఇంజను అది. దాని తోబుట్టువు 22వ సంఖ్యగల ఫెయిరీ క్వీన్. ఆ పేరు దానికి 1895లో వచ్చినది. రెండును 1909లో పనినుండి విరమించెను. 21వ సంఖ్య యంత్రము జమాల్పూరు కర్మాగారమునందును, హౌరాయందును నూరేండ్లకు పైగా ప్రదర్శనవస్తువుగ నిలిచియుండెను. ఆ తోబుట్టువుకు 1997లోనే మరల ఆవిరి ఎక్కెను. దీనికి మాత్రము 2010 వరకు ఆ భాగ్యము కలుగలేదు.

ప్రదర్శనకు నిలిపిన యంత్రము చాల మోసకారి. దానికి ఏటేట రంగు వేయుదురు. లోపల గొట్టములు తుప్పుపట్టిపోవును. 1855 నాటి యంత్రమునకు విడిభాగములు అంగడిలో దొరకవు. ప్రతి ముక్కను కొలిచి, పోతపోసి, తరణిపట్టి చేయవలసినదే. నూరేండ్ల బాయిలరును పరీక్షింపక దానిలో ఆవిరి నింపుట ప్రాణములతో చెలగాటమాడుటయే. పెరంబూరు పనివారు ఈ శ్రమకు ఓర్చి, యంత్రమును మేల్కొల్పి, నేటి కట్టుబాట్లకు తగినట్లు కొత్త బ్రేకులను, విద్యుద్దీపములను అమర్చిరి. 2010 ఆగస్టు 15న అది చెన్నై సెంట్రల్ నుండి ఆవడి వరకు నడచెను. ఆవడి తిరునిన్రవూరునకు కొద్దిపాటి స్టేషన్ల దూరమే. వంగదేశపు దారులయందు తిరిగిన ఆ ఇంజను మన పట్టాలపై నడచుటకు కారణము, రెండు కంపెనీలును ఐదడుగుల ఆరంగుళముల వెడల్పునే పాటించియుండుట. అనంతరము ఫెయిరీ క్వీన్ సయితము పెరంబూరుననే మరమ్మతు పొంది 2012 డిసెంబరులో మరల పరుగిడినది.

పాతదియా, కొత్తదియా?

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. బ్రేకు కొత్తది, దీపము కొత్తది, ఎన్నియో భాగములు కొత్తవి యైనప్పుడు ఆ యంత్రమును 1855 నాటిదని యెట్లందుము? తుప్పుపట్టినను తాకక భద్రపరచుటయే చరిత్రకు న్యాయమని ఒక పక్షమువారు అందురు. నడువని బండి బండియే కాదని వేరొక పక్షమువారు అందురు. రెండు మాటలయందును సత్యము లేకపోలేదు.

మన దేశమున ఈ వివాదమునకు ఆగమములు ఎన్నడో ఒక త్రోవ చూపినవి. దానికే జీర్ణోద్ధరణమని పేరు. తేరు చక్రము ఒక తరమున మారును, ఇరుసు ఇంకొక తరమున మారును, బొమ్మల పలకలు వేరొక తరమున మారును. ఊరివారికి మాత్రము అది తాతలనాటి తేరే. కోనసీమయందలి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథము 2020 సెప్టెంబరులో అగ్నికి ఆహుతియైనది. ఉద్ధరించుటకు కొయ్య మిగులలేదు. అయినను కొత్త రథమును నిర్మించి 2021 ఫిబ్రవరిలో స్వామికి సమర్పించిరి. జనులు దానిని అంతర్వేది రథమనియే మ్రొక్కి లాగిరి. దానిని ఆ రథముగా నిలిపినది కొయ్య కాదు, లాగువారి పరంపర. అయితే చరిత్రకారునకు ఒక నష్టము మాత్రము తీరదు: కాలిపోయిన కొయ్యపై ఉలి చేసిన పని మరల చదువుటకు రాదు.

కావున నా అభిప్రాయ మిది. బండి నడువవలెను, కాని ఏది పాతదో, ఏది కొత్తదో తరువాతివారికి తెలియవలెను. విప్పిన ప్రతి భాగమునకు కొలతయు, ఛాయాచిత్రమును ఉండవలెను. తీసివేసిన పాతముక్కలలో ఒకటైనను దాచవలెను. ఈ లెక్క లేని ఉద్ధరణము, సదుద్దేశముతో చేసిన విధ్వంసముగ పరిణమింపవచ్చును.

పూసలారు చూపిన త్రోవ

ఈ విచారణ తిరునిన్రవూరుననే ముగియుట యుక్తము. సేక్కిళారు పెరియపురాణమున చెప్పిన కథ యిది. పూసలారు శివాలయము కట్టగోరెను, ధనము కూడలేదు. అంతట మనస్సుననే రాళ్లను, పనివారిని సమకూర్చుకొని, ముహూర్తము చూచి పునాది తీసి, అంగాంగముగ ఆలయమును పూర్తిచేసెను. కంచిలో రాతిగుడి కట్టిన పల్లవరాజు తన ప్రతిష్ఠకు అదేదినము నిర్ణయింపగా, ఆనాడు నిన్రవూరి భక్తుని గుడికి పోవలసియున్నదని శివుడు కలలో చెప్పెను. రాజు వచ్చి వెదకి, ఊరిలో గుడి కానక, పూసలారు మాట విని సాష్టాంగపడెను. ఆ రాజు కంచి కైలాసనాథాలయమును కట్టిన రాజసింహుడని చరిత్రకారులు భావింతురు. ఆ ఆలయశాసనమున అతడు అశరీరవాక్కు వినినట్లున్న మాట ఈ ఊహకు బలము నిచ్చుచున్నది.

భక్తులు ఈ కథలో భగవంతుని కృపను చూతురు. పనివాడు ఇందులో మఱియొక పాఠమును చూడవచ్చును. పూసలారు మనస్సులోనైనను పునాదిని విడిచి శిఖరమునకు పోలేదు, క్రమము తప్పలేదు. జీర్ణమైన బండిని చేపట్టువాడు సయితము ముందుగ దానిని ఇరుసు మొదలు కప్పు వరకు మనస్సున పూర్తిచేయవలెను. అట్లు చేయనివాని బండి మరల అసంపూర్ణముగనే చేతులు మారును.

మన పెరటి పాకలలో తాతల గూడుబండ్లు, కోవెల చావళ్లలో పాతతేరుల చక్రములు ఇంకను కొన్ని మిగిలియున్నవి. వానిని నడిపింపగలవారు నడిపింతురు గాక. అందుకు శక్తి లేనివారు ఒక కొలబద్దతో కొలిచి, ఒక కాగితముపై వ్రాసియుంచిన చాలును. ఆ తిరువళ్లూరు బండి పెట్టెలకు ఈ ఊరిలో ఎవరైనను అంతపని చేసియున్నచో, ఈ వ్యాసమున వానిని గూర్చి ఒక్క వాక్యముతో సరిపెట్టుకొనవలసిన పని యుండెడిది కాదు.